ఊడిపడే ట్రిగ్గర్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ట్రిగ్గర్ అసెంబ్లీ (తుపాకీని పేల్చే భాగాలన్నీ కలిసిన ముక్క) వారి సముఖమునకు, కడప నుంచి ఒక డబుల్ బ్యారెల్ తుపాకీ యజమాని నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. మీరు మాత్రం తుపాకీలో లేరు, పాత పంచె ముక్క మీద పడుకుని ఉన్నారు.

అల్లుళ్ళ మర్యాద తెలియని ఊరు కాదు మాది. దేవుని కడపలో వెంకన్ననే బీబీ నాంచారమ్మ తరఫున అల్లుడనుకుని ఉగాదికి ముస్లింలు గుడికొస్తారు. ఆయన కూడా మీ అంత అలగడు.

పోవడానికి మీకు క్షణం చాలు. గొట్టాలు తెరిచి తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, మూసి, సేఫ్టీ మీటను మామూలుగా ఆగే చోటు దాటించి ముందుకు నెడితే చాలు, వేలికి అడ్డుండే గార్డు కమ్మీతో సహా రాలిపోతారు. స్క్రూ విప్పే పని లేదు. మొదటిసారి కింద చెయ్యి పెట్టలేదు. మీకేమీ కాలేదు, కడప బండ పెచ్చు లేచింది. ఆ పెచ్చును మా ఆవిడ ఇప్పటికీ వచ్చినోళ్ళందరికీ చూపిస్తుంది.

రావడానికి మాత్రం బతిమాలించుకుంటారు. ముందు కొక్కెం గాడిలో ఆనాలి, తర్వాత వెనక భాగం పైకి నొక్కితే టక్కుమనాలి. అదీ గుర్రాలు, అంటే తూటాను పేల్చడానికి కొట్టే సుత్తులు, రెండూ వెనక్కి ఎక్కి ఉంటేనే. పోయిన ఆదివారం మా మేనల్లుడు మిమ్మల్ని చేతిలో పట్టుకుని ట్రిగ్గర్ లాగేశాడు. ‘ఎట్లుంటాదో సూద్దామని, మామా’ అన్నాడు. బయట ఉన్నప్పుడు గుర్రాలకు ఆనడానికేమీ ఉండదు, ఊరికే కొట్టుకుని పాడవుతాయి. వేలు అడ్డమొస్తే వేలూ అంతే. పీట అంచుకు ఆనించి ఒక్కో గుర్రాన్నీ వెనక్కి నొక్కి ఎక్కించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

మీ వంశం గొప్పదే, కాదనను. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ట్రాప్ (ఎగిరే మట్టి బిళ్ళలను కాల్చే పోటీ) స్వర్ణం గెలిచిన ఎన్నియో మత్తారెల్లితో కలిసి ఇటలీ తుపాకుల కంపెనీ పెరాట్జీ వాళ్ళు 1968 మెక్సికో ఒలింపిక్స్ కోసం చేసిన ఎంఎక్స్8 తుపాకీతోనే మీకింత పేరు. పోటీ మధ్యలో స్ప్రింగ్ విరిగితే మిమ్మల్ని తీసేసి, మీ కవలను పెట్టి, ఆటగాడు మళ్ళీ వరసలో నిలబడాలని ఆలోచన. నా దగ్గర కవల లేదు. రేటు విని ఫోన్ పెట్టేశాను. పోటీలూ లేవనుకోండి.

2024 ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు తుపాకీ స్టేషన్లో అప్పగించడానికి పోయినాను. తెలివిగా మిమ్మల్ని ఊడదీసి బీరువాలో, పట్టుచీరల కింద పెట్టి పోయినాను. మీరు లేకపోతే అది ఉట్టి కట్టే కదా అని. కానిస్టేబుల్ తిప్పి చూసి, ‘సార్, సగం తుపాకీకి రసీదు ఎట్ల రాయాల?’ అన్నాడు. 1959 ఆయుధాల చట్టం లెక్కలో విడిభాగం కూడా ఆయుధమేనట. అంటే తమరు పట్టుచీరల కింద పడుకున్నా ఆయుధమే. స్కూటర్ మీద ఇంటికొచ్చి, టిఫిన్ బాక్సులో మిమ్మల్ని పెట్టుకుని మళ్ళీ పోయినాను. అక్కడ బాక్సు తెరిస్తే పక్కనున్నాయన ఉగ్గాని అనుకుని తొంగిచూశాడు.

ఇప్పుడు గాడి తుడిచాను. ఒక్క చుక్క నూనె వేశాను. గుర్రాలు రెండూ ఎక్కి ఉన్నాయి. మేనల్లుణ్ణి పొద్దున బస్సుకే ప్రొద్దుటూరు పంపేశాను. దయచేసి లోపలికి దయచేయండి.