కడుపుతో ఉన్న కోడలు నడవవచ్చునా?

మా కోడలికి ఏడో నెల. సీమంతం కూడా ఘనంగా చేశాం. అంతా సవ్యంగా సాగుతోందనుకునేసరికి, గత మంగళవారం నుంచి ఆమె సాయంత్రం ఆరింటికి బూట్లు వేసుకుని అపార్ట్‌మెంటు చుట్టూ చకచకా నడవడం మొదలుపెట్టింది. బాల్కనీలు నిండిపోయాయి. మూడో అంతస్తులో ఉండే ఆవిడ ఫోను చేసి, "ఇంట్లో ఏమైనా గొడవా అన్నయ్యగారూ?" అని జాలిగా అడిగింది. నెలలు నిండుతున్న పిల్ల అంత వేగంగా నడుస్తోందంటే పుట్టింటికి వెళ్లిపోతోందనే కదా ఎవరైనా అనుకునేది!

ఇదంతా డాక్టరమ్మ నిర్వాకం. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పిందట. ఆ సంస్థ ఉండేది జెనీవాలో. అక్కడి అత్తగార్ల పెంపకం ఎలాంటిదో మనకెందుకు? నేను స్వయంగా వెళ్లి, "బెడ్ రెస్టు రాయండమ్మా" అని బతిమాలాను. "ఆరోగ్యంగా ఉన్న మనిషిని మంచాన పడుకోబెడితే నెలలు నిండకుండా కాన్పు రావడం ఆగదండీ. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రం పెరుగుతుంది" అంది. నడిస్తే గర్భంతో వచ్చే షుగరు, బీపీల ముప్పు తగ్గుతుందట. గర్భసంచిలో మాయ (ప్లాసెంటా) కిందికి ఉన్నవాళ్ల సంగతి వేరట. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, కళ్లు తిరిగినా వెంటనే నడక ఆపి రమ్మంది. ఎనిమిది వందలు ఫీజు తీసుకుని చీటీ మీద 'నడక' అని ఒక్క ముక్క రాసి పంపింది.

మా ఇంటి శాసనం వేరు. కడుపుతో ఉన్న స్త్రీ వంగకూడదు. మొన్న కింద పడ్డ చెంచా తీయబోతే మా ఆవిడ కెవ్వున అరిచింది. సీమంతం నాడు మాత్రం ఆ పిల్ల గరగరలాడే పట్టుచీరలో, వచ్చిన పెద్దలందరి కాళ్లకూ వంగి దండం పెట్టింది. నేను లెక్కపెట్టాను, నలభై ఒక్కమంది. మా పెదనాన్నగారు చెవుడు వల్ల తన ఆశీర్వచనం తనకే వినపడక రెండుసార్లు పెట్టించుకున్నారు. అది వంగడం కాదు, సంస్కారం.

పొయ్యి దగ్గర నిలబడటమూ అంతే. పొద్దున్న అయిదున్నరకు లేచి మా వాడికి క్యారేజీ, నాకు నూనె లేని కూర, మా ఆవిడకు మెత్తటి అన్నం వేరువేరుగా వండుతుంది. తడిబట్టల బకెట్టుతో డాబా మీదికి మెట్లెక్కుతుంది. దాన్ని శ్రమ అంటే ఇల్లు నడుస్తుందా? చేతిలో బకెట్టు ఉంటే పని, చేతులు ఖాళీగా ఉంటే షికారు. ఈ చిన్న తేడా జెనీవా వాళ్లకు తెలియదు.

మా అమ్మ నేను కడుపులో ఉండగా నొప్పులు వచ్చేదాకా నాట్లు వేసింది. ఆ కథ చెప్పేటప్పుడల్లా నా గొంతు గద్గదమవుతుంది. ఎదురుగా కడుతున్న భవనంలో కూలి పనికి వచ్చే ఒకావిడకు కూడా నెలలు నిండినట్టే ఉన్నాయి. తట్టతో ఇటుకలు మోస్తోంది. మా బాల్కనీలవాళ్లు ఆమె మీదుగానే మా కోడలిని చూస్తున్నారు. "అలాంటి బరువులే మోయకూడనివి" అంది డాక్టరమ్మ. వాళ్లకు అలవాటే కదమ్మా అన్నాను.

మా వాడు పెళ్లాం పక్షం. సెరెనా విలియమ్స్ 2017లో కడుపుతో ఉండే ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచిందట. ఈజిప్టు అమ్మాయి నాదా హఫెజ్ ఏడో నెలలో పారిస్ ఒలింపిక్స్‌లో ఫెన్సింగ్ ఆటలో కత్తి తిప్పిందట. మన గుంటూరు పిల్ల ద్రోణవల్లి హారిక తొమ్మిదో నెలలో, 2022లో మామల్లపురం చదరంగం ఒలింపియాడ్‌లో జట్టుతో కాంస్యం తెచ్చిందట. అక్కడ దొరికిపోయాడు. "చూశావా, కూర్చునే కదా ఆడింది!" అన్నాను.

చివరికి పర్యవేక్షణకు నేనే వెంట బయలుదేరాను. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు, మాట రాకపోతే తగ్గించాలి. ఇదీ డాక్టరమ్మ కొలత. మొదటి చుట్టులో గర్భిణీ ధర్మాల మీద ఉపన్యాసం అందుకున్నాను. రెండో చుట్టులో నాకు క్రియాపదాలు అందలేదు. మూడో చుట్టులో కోడలే నన్ను వాచ్‌మన్ కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, "మీరు కదలకండి మామయ్యగారూ" అని చెప్పి మిగతా చుట్లు పూర్తి చేసుకొచ్చింది.

నుదుటి మీద చెమట చూసి నా ప్రాణం విలవిల్లాడింది.

"చాలమ్మా, ఇంక పైకి వెళ్లి విశ్రాంతి తీసుకో" అన్నాను. "వెళ్తూ ఆ పాల ప్యాకెట్లు పట్టుకెళ్లు. అందరికీ కాఫీ ఇచ్చాక నడుం వాలుద్దువుగాని."