పాత బేస్‌బాల్ కార్డు దొరికితే కోట్లేనా?

అమెరికాలో ఉండే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పాత బేస్‌బాల్ కార్డుల (ఆటగాళ్ల బొమ్మలున్న చిన్న అట్టముక్కల) గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "గరాజ్ సేల్‌లో (ఇళ్ల దగ్గర పాత సామాన్లు అమ్మే చోట) పాత ఆల్బమ్ కనిపిస్తే వదలకండి. 1800ల నాటి బేస్‌బాల్ కార్డు ఒక్కటి దొరికినా కోటీశ్వరులే. వాగ్నర్ కార్డే సాక్ష్యం. బబుల్‌గమ్‌తో పిల్లలకి ఊరికే ఇచ్చినవి కాబట్టి నాలుగైదే మిగిలాయి. కాగితం పసుపుపచ్చగా ఉంటే అసలుదే. అంచులు నలిగితే నీట్‌గా కత్తిరించి అమ్మండి."

ఇందులో మొదటి వాక్యం ఒక్కటే పనికొచ్చేది.

ముందు ఆ సాక్ష్యం సంగతి చూద్దాం. వాగ్నర్ కార్డు 1800ల నాటిదే కాదు. హోనస్ వాగ్నర్ పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆటగాడు. ఆయన కార్డు అమెరికన్ టొబాకో కంపెనీ 1909–11 మధ్య తెచ్చిన సిరీస్‌లోది. కలెక్టర్లు ఆ సిరీస్‌ని టి206 అంటారు. జెఫర్సన్ బర్డిక్ అనే కలెక్టర్ తయారుచేసిన కేటలాగ్‌లో 19వ శతాబ్దంలో పొగాకు కంపెనీలు ఇచ్చిన కార్డులకి ఎన్ అక్షరం, 20వ శతాబ్దం వాటికి టి అక్షరం పెట్టారు. మెసేజ్ రాసినాయన ఆ అక్షరం చూసుకున్నా సరిపోయేది.

ఆ మెసేజ్ వెనకున్న "ఎంత పాతదైతే అంత ధర" అన్న లెక్క కూడా నిలబడదు. 2022 ఆగస్టులో ఒక వాగ్నర్ కార్డు 72 లక్షల 50 వేల డాలర్లకి అమ్ముడైంది. అదే నెలలో మికీ మాంటిల్ అనే మరో ఆటగాడి కార్డు ఒకటి కోటి 26 లక్షల డాలర్లు పలికింది. అది 1952 నాటి టాప్స్ కంపెనీ కార్డు! మరి పాతవాటి మాటేమిటి? 1865 నాటి బ్రూక్లిన్ అట్లాంటిక్స్ జట్టు ఫోటో కార్డు ఒకటి మెయిన్ రాష్ట్రంలో యార్డ్ సేల్‌లో కొన్న ఆల్బమ్‌లో బయటపడింది. 2013 వేలంలో దానికి 92 వేల డాలర్లు వచ్చాయి. చిన్న మొత్తమేమీ కాదు, అందుకే ఆల్బమ్ వదలొద్దన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ నలభై ఏళ్లకి పైగా చిన్నదైన వాగ్నర్ కార్డు ధర దానికి దాదాపు 80 రెట్లు.

19వ శతాబ్దపు కార్డు మీకు నిజంగానే ఎదురైతే, అది ఓల్డ్ జడ్జ్ కావడానికే ఎక్కువ అవకాశం. న్యూయార్క్‌లోని గుడ్విన్ కంపెనీ 1886 నుంచి 1890 దాకా సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చినవి ఇవి. ఐదొందల మందికి పైగా ఆటగాళ్లు, వేలల్లో పోజులు. స్టూడియోలో బంతిని దారంతో వేలాడదీసి, క్యాచ్ పడుతున్నట్టు నిలబెట్టి తీశారు. కొన్ని ఫోటోల్లో ఆ దారం కూడా కనిపిస్తుంది. నాకైతే అలాంటివే ముచ్చట. పెద్దగా పేరు రాని ఆటగాడి ఫోటో వెలిసిపోయి ఉంటే ధర కొన్ని వందల డాలర్లే. ఆ పోజు కార్డులు ప్రపంచంలో రెండుమూడే ఉన్నా సరే, ఆ ఆటగాణ్ని కోరుకునేవాళ్లు లేకపోతే రేటు ఎగరదు. షికాగో జట్టు కెప్టెన్ క్యాప్ ఆన్సన్‌ది వేరే కథ. ఓల్డ్ జడ్జ్‌లో ఆయన మామూలు కోటులో ఉన్న కార్డు అప్పుడప్పుడూ అమ్మకానికి వస్తుంది. జట్టు యూనిఫామ్‌లో ఉన్నది దొరకడమే గగనం. మనిషీ కంపెనీ అవే, బట్టలు మారేసరికి ధరల్లో పోలికే లేదు.

ఇక "నాలుగైదే మిగిలాయి" అన్నదానికి వస్తే, అంత అరుదని పేరుపడ్డ వాగ్నర్ కార్డులే యాభైకి పైగా ఉన్నాయి.

బబుల్‌గమ్ గురించి రెండు ముక్కలు చాలు. గమ్‌తో కార్డులు ఊపందుకున్నది 1930లలో. 1880లలో ఈ కార్డులు సిగరెట్లు నలక్కుండా పెట్టెలో పెట్టిన అట్టలు, పోటీ కంపెనీ మీద గెలవడానికి ఎర కూడా. 1890లో పెద్ద కంపెనీలు అమెరికన్ టొబాకోగా కలిసిపోయి పోటీ తగ్గేసరికి కార్డుల జోరూ తగ్గింది.

అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా పసుపుపచ్చ రంగుది. కొత్త ప్రింటుని టీ డికాషన్‌లో ముంచితే సాయంత్రానికల్లా వందేళ్ల వయసు వచ్చేస్తుంది. రంగు వదిలేసి భూతద్దం పట్టుకోండి. ఓల్డ్ జడ్జ్ అంటే అట్టకి అతికించిన నిజం ఫోటో. అందులో ముఖం మీది నీడలు తెగకుండా పరుచుకుని ఉంటాయి. వరసగా చుక్కలు కనిపించాయంటే అది అచ్చేసిన నకలు. రిచ్‌మండ్‌లోని అలెన్ అండ్ గింటర్ కంపెనీ రంగుల కార్డులకి ఈ పరీక్ష ఇలాగే పనిచేయదు. అవి రాతి అచ్చు మీద వేసినవి, వాటిలోనూ చుక్కలుంటాయి. కాకపోతే చేత్తో పెట్టినవి కాబట్టి ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఈనాటి ప్రింటులో గళ్లు గీసినట్టు ఒకే తీరుగా కనిపిస్తాయి. ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన అసలుదని కాదు, ఓడితే మాత్రం డబ్బు జేబులోనే ఉంచుకోండి.

కత్తిరించమన్నవాడు పుణ్యం కట్టుకోడు. 2007లో 28 లక్షల డాలర్లు పలికిన వాగ్నర్ కార్డు అంచులు తానే కత్తిరించానని బిల్ మాస్ట్రో అనే వేలం వ్యాపారి 2013లో మోసం కేసులో ఒప్పుకున్నాడు. ఆ కేసులో జైలుశిక్ష కూడా పడింది. కత్తెర పడిందని తేలితే, కార్డు ఎంత బాగుందో చూసి మార్కులేసే గ్రేడింగ్ కంపెనీలు దానికి మామూలు గ్రేడ్ ఇవ్వవు. మూలలు గుండ్రంగా అరిగిపోయిన ఓల్డ్ జడ్జ్‌కి చిన్నదో చితకదో గ్రేడ్ వస్తుంది, కొనేవాళ్లూ ఉంటారు. ఆల్బమ్ దొరికితే కార్డుల్ని ఊడబెరక్కుండా, దాంతో సహా తీసుకెళ్లి తెలిసినవాళ్లకి చూపించండి.