మామ పిస్టల్ బేరం

మా మామ వంకాయలకి కూడా మూడు చోట్ల బేరమాడి, చివరికి మొదటి చోటికే తిరిగొచ్చి కొనే మనిషి. అట్టాంటాయన "పిస్టల్ కాడ మాత్రం డబ్బుకి చూసేది లేదబ్బయా" అన్నాడంటే, అప్పుడే నేను ఊరు దాటి పోవాల్సింది.

మావి నెల్లూరు జిల్లా విడవలూరు పక్క రొయ్యల గుంటలు. చవగ్గా వస్తుందని, గుంట నీళ్లకి గాలి కలిపే ఏరేటర్ పేరూ ఊరూ లేనిది తెచ్చిపెట్టాడు. ఒక రాత్రి రెండింటికి అది నిలిచిపోయింది. తెల్లారేసరికి రొయ్యలు తేలిపోయి, గట్టు మీద కాకులకి పండగ. ఆ నెల్లోనే పక్క గుంట మీద దొంగలు పడ్డారు. రెండూ కలిసి మామ బుర్రలో ఒకే తీర్మానమైంది: పిస్టల్ కొనాల, మంచి బ్రాండుదే కొనాల.

వెతికే పని నాది.

"గ్లాక్ ఎట్టాంటిదిరా?"

"ఆస్ట్రియాది మామా. కర్టెన్ రాడ్లు, కత్తులు చేసుకునే ఆయన తయారుచేస్తే 1982లో వాళ్ల సైన్యమే తీసుకుంది. పైన ఉక్కు, కింది చట్రమంతా ప్లాస్టిక్కే."

"ప్లాస్టిక్ బిందెకి లక్షలు పోస్తారంట్రా!" కొట్టేశాడు.

నేను బెరెట్టా పేరు చెప్పా. 1526 నాడే వెనిస్ వాళ్లకి తుపాకీ గొట్టాలమ్మిన ఇటలీ కంపెనీ. ఉదయగిరి కోట రాయలవారి చేతికొచ్చిన పన్నెండేళ్లకే అని లెక్కగట్టి చెప్పేసరికి, మామ కళ్లు చెమ్మగిల్లాయి. ఖాయమన్నాడు.

ఖాయం కాలేదు. 9 ఎంఎం తూటా పిస్టళ్లు మనబోటోళ్లకి నిషేధం, పాయింట్ 32 లాంటి చిన్న బోరు, అంటే గొట్టం వెడల్పు, అయితేనే ఇస్తారు. విదేశీ సరుకు తెప్పించుకోవడం ఎప్పుడో ఆపేశారు. ఎవరి కాడైనా పాతది దొరికినా, దాని ధరకి గుంట అమ్ముకోవాల. ఇక మాకు కనబడింది సర్కారు ఫ్యాక్టరీల అశని పిస్టల్.

"అశని అంటే పిడుగు మామా."

"పేరు బాగానే ఉంది. పేలుద్దా?"

దానికి జవాబు చెప్పడానికి మా వీధి రిటైర్డ్ హవల్దారు బాబాయిని పిలిచాం. "గుండు పేలిన విసురుకే పైనుండే స్లైడు వెనక్కిపోయి, ఖాళీ గుల్లని బైటికి విసిరేసి, మ్యాగజైన్ అనే తూటాల పెట్టెలోంచి ఇంకోటి ఎక్కించుకుంటుంది. ఆ ఎక్కించుకునే కాడే ఇరుక్కునేది. తూటాల చక్రం తిరిగే రివాల్వర్‌కి ఆ గొడవ లేదు. ఒకటి తుస్సుమంటే మళ్లీ నొక్కు, పక్కది వస్తుంది."

"తుస్సుమననిది కావాలంటే ఎంతవుద్ది బావా?"

"ఎంత పెట్టినా తుడిచి నూనె రాయకపోతే తుస్సే. నువ్వు మోటారుకి గ్రీజు పెట్టి ఎన్నాళ్లయింది?"

మామ మాట మార్చాడు. మా ఉప్పుగాలికి గేటు కమ్మీలే పొట్టు రాలుతుంటాయి, పిస్టలొక లెక్కా!

ఇంతా చేసి, కలెక్టరాఫీసులో లైసెన్సుకి దరఖాస్తే పెట్టలేదు. ఏది కొనాలో తేలకముందే ఫీజు దండగంట. తోలు ఒర మాత్రం మద్రాసు పోయినప్పుడు కొనేశాడు. నాలుగొందలంటే నూటయాభైకి తెగ్గొట్టి, అందులో వక్కపొడి డబ్బా దోపి, చొక్కా రవ్వంత పైకెత్తి నడవడం మొదలుపెట్టాడు. కోవూరు టీ అంగట్లో జనం లేచి బెంచీ ఇచ్చారు. పెళ్లిళ్లలో మొదటి బంతి, అడక్కుండానే రెండో విడత నెయ్యి. నిజం చెప్పాలంటే, పక్కన కూర్చున్నందుకు నాకూ పడింది నెయ్యి.

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. కోడొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పజెప్పమంటారు గదా. మూడోనాడు కానిస్టేబులు గుమ్మంలో ఉండాడు.

"పెద్దాయనా, ఆయుధం ఇచ్చేయండి."

"నా కాడ లేదయ్యా!"

"ఊరంతా చూసిందంట. లైసెన్సుంటే స్టేషన్లో పెట్టాల, లేకుండా ఉంటే కేసు."

మామ వణుకుతా ఒర బొత్తాం ఊడదీసి డబ్బా చేతిలో పెట్టాడు. కానిస్టేబులు మూత తీసి, వాసన చూసి, చిటికెడు నోట్లో వేసుకున్నాడు. "నా నడుమున ఉన్నది వక్కపొడి డబ్బా మాత్రమే" అని నేను కాగితం రాస్తే మామ సంతకం పెట్టాడు. సాక్షిగా అత్త కూడా పెట్టింది, నవ్వాపుకోలేక.

పోతా పోతా ఆయన ఒరని తిప్పి చూశాడు. "ఎంతకి కొన్నారు?"

"నూటయాభై."

"మోసపోయినారు పెద్దాయనా. ఇది పిస్టల్ ఒర కాదు, రివాల్వర్‌ది."

గేటు పడిందాకా మామ గమ్మునే ఉండాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఒరేయ్, బాబాయి ఆ పొద్దే చెప్పాడు గదరా. రివాల్వర్ ధర కనుక్కో."