తాగుడు మానాలంటే సాయంత్రం ఓపీ కావాలె

మన వరంగల్, హన్మకొండ రోడ్ల మీద పోతుంటే ఏదో ఒక కాడ గోడ మీదనో కరెంట్ స్తంభానికో ఓ రాత కండ్లవడ్తది, తాగేటోళ్లకు తెల్వకుండనే తాగుడు మాన్పిస్తం అని, కింద ఒక ఫోన్ నంబర్. ఆ నంబర్‌కు ఫోన్ చేసేది భార్యలు, అమ్మలు. చెవుల కమ్మలు కుదువ పెట్టి మరీ పొడి తెచ్చి కూరల కలుపుతరు. వాళ్లను మేం తప్పు పట్టం, డాక్టర్ గోళీలు, కౌన్సెలింగ్ ఓపీలనే ఇచ్చే ఇంకో దారి ఉందని వాళ్లకు ఎవ్వరూ చెప్పలే. కానీ ఆ పొడిల ఏముందో అమ్మేటోడు చెప్పడు, ఒకవేళ అది మందు తాగితే ఒంటికి పడకుండ చేసే డైసల్ఫిరామ్ గోళిని నూరిన పొడి అయితే, తెల్వక తిన్న మనిషి మీదికెళ్లి క్వార్టర్ తాగిండంటే మొఖం ఎర్రగయి, వాంతులయి, గుండె దడ పెరిగి, బీపీ పడిపోయి పాణం మీదికొస్తది. నిజానికి డైసల్ఫిరామ్ మంచి మందే, డాక్టర్ రాసి, తాగే మనిషి ఒప్పుకొని, పొద్దుగాల ఇంటామె ముంగట వేసుకుంటే కొంతమందికి బాగ పని చేస్తది. గోళి ఆపినంక కూడ దాని గుణం రెండు వారాల దాక ఉండొచ్చు, అది తెలిసి వేసుకున్నోడు జాగ్రత్తగ ఉంటడు, తెల్వనోడు ఎట్ల ఉంటడు?

జనం పట్టే రెండో దారి మాల. కార్తీకం వచ్చిందంటే చానమంది అయ్యప్ప మాల వేసుకొని 41 రోజులు చుక్క ముట్టరు, ఆ పట్టుదలకు మేం దండం పెడ్తం, మనిషి మానాలనుకుంటే మానగలడనే నమ్మకం ఆ ఇంటికి దొరికేది అప్పుడే. అయితే రోజూ పొద్దుగాల లేవంగనే తాగేంత అలవాటున్న మనిషి ఒక్కసారే ఆపితే ఏమయితదో చెప్పేటోళ్లు తక్కువ. ముందు చేతులు వణుకుతయి, చెమటలు పడ్తయి, నిద్ర రాదు, రెండు రోజుల లోపట్నే ఫిట్స్ రావొచ్చు, రెండో మూడో రోజుకు కొందరికి మతి తప్పి లేని మనుషులు, పురుగులు కనిపిస్తయి. మన ఊర్లల్ల దాన్ని గాలి సోకిందని భూతవైద్యుని దగ్గరికి తీస్కపోతరు, లేదా తెల్సిన ఆర్ఎంపీ దగ్గర ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకొని వస్తరు. తాగి తాగి తిండి లేక ఒంట్ల బీ1 విటమిన్ అయిపోయిన మనిషికి ఆ బీ1 ఇంజెక్షన్ ఇవ్వకుండ ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బ తినే ప్రమాదం ఉంటది. చానమందికి ఇదంతా ఓపీల చూపించుకొని ఐదారు రోజుల గోళీలతోని ఇంట్లనే దాటొచ్చు, ఫిట్స్ వచ్చినోళ్లు, మతి తప్పినోళ్లు మాత్రం తప్పకుండ దవాఖానల పండాలె.

ఉత్తర తెలంగాణల మందు ఒక్కటే కాదు, కల్తీ కల్లు ఇంకో కథ. చెట్టు నుంచి గీసిన తాటికల్లు, ఈతకల్లు గురించి మేం మాట్లాడ్తలేం, గీత కార్మికుల కష్టం మాకు తెల్సు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం అనే మత్తు మందులు కలిపి అమ్మే నీళ్ల గురించి మాట్లాడ్తున్నం. 2015 సెప్టెంబర్‌ల నిజామాబాద్ దిక్కు కల్తీ మీద దాడులు జరిగి సరుకు ఒక్కసారే బందయితే, రోజూ తాగేటోళ్లు వందల మంది వింత వింతగ ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తోని దవాఖానలకు చేరిండ్రు. 2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టి కల్లు, మందు బందయినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక దవాఖాన ముంగట కట్టిన లైన్లు కూడ అందరికీ యాదికున్నయి. అల్ప్రాజోలానికి అలవాటు పడిన ఒళ్లుకు అది టకీమని ఆపొద్దు, డాక్టర్ చూస్తూ వారం వారం డోసు తగ్గించుకుంట రావాలె. దాడులు చెయ్యాల్సిందే, కానీ దాడి చేసిన తెల్లారే ఆ మండలంల డాక్టర్ కూసోకపోతే శిక్ష పడేది అమ్మినోనికి కాదు, తాగిన కైకిలి మనిషికి.

మరి మేం చెప్పే దారి, అంటే డాక్టర్ గోళీతోని కౌన్సెలింగ్ మాట కలిపిన ట్రీట్‌మెంట్ ఎట్ల ఉంటది? మనిషి వారానికో రెండు వారాలకో ఒకసారి ఓపీకి వస్తడు, డాక్టర్ గోళి రాస్తడు, కౌన్సెలర్ అరగంట కూసోబెట్టి మాట్లాడ్తడు, ఇంటికి పోయి తెల్లారి పనికి పోతడు, అంతే. నాల్ట్రెక్సోన్ సాధారణంగ రోజుకు 50 మిల్లీగ్రాములు, తాగితే వచ్చే ఆ హుషారును తగ్గిస్తది, ఒక పెగ్గు తర్వాత ఇంకో పెగ్గు కోసం గుంజే గుంజుడు తగ్గుతది, కాకపోతే కాలేయం చూసుకొని ఇవ్వాలె, ట్రమడాల్ లాంటి నొప్పి గోళీలు వాడేటోళ్లకు ఇవ్వొద్దు. అకాంప్రోసేట్ రోజుకు మూడు పూటలు వేసుకోవాలె, కాలేయం పాడైనోళ్లకు కూడ ఇవ్వొచ్చు, కానీ కిడ్నీల పరీక్ష ముందు చెయ్యాలె. ఈ రెండు మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023ల అత్యవసర మందుల లిస్టుల చేర్చింది. గంజాయికి అలవాటు పడ్డ పోరగాళ్లకు మాత్రం ఇట్లాంటి గోళి ఇంకా రాలే, వాళ్లకు మాటే మందు, ఆ మాట మాట్లాడెటందుకు టైం ఉన్న మనిషి కావాలె.

ఇగ ఆ మాట్లాడుడుల ఏముంటదని చానమంది తీసిపారేస్తరు. తాగొద్దని నీతులు చెప్పుడు కౌన్సెలింగ్ కాదు, అది ఇంట్ల రోజూ అయితనే ఉంటది. జీతం చేతికొచ్చిన సాయంత్రం ఏ దారిన ఇంటికి పోవాలె, బెల్టు షాపు కాడ దోస్తు పిలిస్తే నోట్లకెళ్లి ఏ మాట రావాలె, దసరా నాడు బామ్మర్ది గ్లాసు చేతుల పెడితే ఏం చెయ్యాలె, మేడారం జాతరకు పోయినప్పుడు అందరి మధ్యల ఎట్ల ఉండాలె, ఒకరోజు తప్పి తాగితే సిగ్గుతోని దాక్కోకుండ తెల్లారి మల్ల ఓపీకి ఎట్ల రావాలె, ఇవన్నీ కూసొని ముందుగాల్నే అనుకునుడు. దీనికి పెద్ద డిగ్రీలే ఉండాలని లేదు. గోవాల సంగత్ అనే సంస్థ 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలల్ల 377 మంది మొగోళ్లతోని చేసిన పరిశోధన 2017ల లాన్సెట్ అనే వైద్య పత్రికల అచ్చయింది, అండ్ల మాట్లాడింది ట్రైనింగ్ ఇచ్చిన మామూలు మనుషులు, మహా అయితే నాలుగు సార్లు. మూడు నెలలకు ఆ మాటలు విన్నోళ్లల్ల 36 శాతం మంది ప్రమాదపు తాగుడు నుంచి బయటపడితే విననోళ్లల్ల 26 శాతమే. వాళ్లు ఇంకా పూర్తిగ బానిసలు కానోళ్లు, ఆ సంగతి దాచం, కానీ బానిసయ్యే దాక ఆగుడు ఎందుకనేదే మా ప్రశ్న. ఇక పూర్తిగ అలవాటు పడ్డోళ్ల సంగతి పంజాబ్ చూపించింది, హెరాయిన్ లాంటి వాటికి బానిసలైనోళ్లకు ఆ గుంజుడును తగ్గించే బుప్రెనార్ఫిన్ గోళీ, కౌన్సెలింగ్ ఓపీలనే ఇచ్చే క్లినిక్‌లు 2017ల మొదలుపెట్టి తర్వాత రాష్ట్రమంతా పెంచుకుంట పోయిండ్రు.

అడ్మిట్ చేస్తె అయిపాయె గదా అంటరు. వరంగల్ ఏనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసే హమాలీని అనుకోండ్రి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాక సీజన్, ఆ మూడు నెలల కూలి మీదనే పిల్లల ఫీజులు, కిరాయి. ఆయనను నెల రోజులు లోపల పండమంటే ఎవరు ఒప్పుకుంటరు, ఇల్లు ఎట్ల గడుస్తది? భూపాలపల్లి, గోదావరిఖనిల షిఫ్ట్ డ్యూటీ చేసే బొగ్గుగని కార్మికునిది అదే తిప్పల. అందుకనే 2019ల కేంద్రం విడుదల చేసిన, ఎయిమ్స్ చేసిన సర్వేల తేలింది ఏందంటే దేశంల మద్యానికి బానిసలైన 38 మందిల ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది, అడ్మిట్ అయింది 180ల ఒక్కరు. బానిస అయినోళ్లు 2.9 కోట్లు. ఇంతమందికి మంచాలు ఎక్కడ తెస్తం, ఓపీ తప్ప దారి లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మందు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలను జబ్బు కిందనే లెక్కగట్టింది, మనిషిని మంచానికి గొలుసులతోని కట్టేసుడు ఆ చట్టం ప్రకారం నేరం, ఇది సెంటర్లు నడిపేటోళ్లు, పంపించే ఇంటోళ్లు ఇద్దరూ యాది పెట్టుకోవాలె.

పైసలు లేవనే మాట మేం ఒప్పుకోం. 2023ల మన రాష్ట్రంల 2,620 మద్యం దుకాణాలకు ఒక్కో అప్లికేషన్‌కు వాపస్ రాని 2 లక్షలు కట్టించుకుంటే, ఆ ఒక్క ఫీజు మీదనే ఖజానాకు 2,600 కోట్లకు పైగా వచ్చినయి, ఒక్క సీసా అమ్మకముందే. అండ్ల చిన్న వాటా చాలు. వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రిల, నర్సంపేట, పరకాల, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సర్కారు దవాఖానలల్ల సాయంత్రం 5 నుంచి రాత్రి 8 దాక ఓపీ పెట్టాలె, పని దిగినంక మనిషి వచ్చేటట్టు. ఆ మూడు గంటలు నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, బీ1 ఇంజెక్షన్ స్టాక్ ఉండాలె, లేదు బయట కొనుక్కో అన్న రోజు ఆ మనిషి మెడికల్ షాపుకు పోడు, పక్కనున్న వైన్స్‌కు పోతడు. ప్రతి దవాఖానకు ఇద్దరు కౌన్సెలర్లు, అండ్ల ఒకరు ఆడమనిషి ఉండాలె, ఎందుకంటే తాగే ఆడోళ్లు కూడ ఉన్నరు, వాళ్లు మొగోళ్ల లైన్ల నిలబడరు. రెండు వారాలు రానోని ఇంటికి ఆశా కార్యకర్త పోవాలె, కానీ తాగుబోతు లెక్క రాసుకుంటందుకు వచ్చిందని వాడకట్టు అనుకోకుండ, బీపీ చూడటానికి వచ్చినట్టే పోవాలె.

అప్పటి దాక ఇంట్ల మందు ఆపినంక చేతులు వణుకుతూ నిద్ర లేని మనిషి ఉంటే తెల్లారే దాక ఆగొద్దు, ఫిట్స్ వచ్చినా, లేనియి కనిపిస్తున్నయన్నా 108కు ఫోన్ చేసి ఎమర్జెన్సీకి తీస్కపోండ్రి, ఎన్ని రోజుల నుంచి ఎంత తాగుతున్నడో, చివరిసారి ఎప్పుడు తాగిండో డాక్టర్‌కు దాచకుండ చెప్పుండ్రి. ఎవరితోనన్న మాట్లాడాలనిపిస్తే సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలీ మానస్ 14416, తెలుగుల మాట్లాడ్తరు, రాత్రి కూడ ఎత్తుతరు. మత్తు అలవాట్ల కోసం విడిగ ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446.