సియోల్ లెక్క, సెజోంగ్ పాఠం

గుర్రం పిల్ల పుడితే జేజు దీవికి పంపాలి, మనిషి పిల్ల పుడితే సియోల్‌కు పంపాలి అని కొరియాలో ఒక పాత సామెత ఉంది. గుర్రానికి మేత జేజులోను, మనిషికి బతుకు సియోల్‌లోను దొరుకుతాయని దాని భావం. దక్షిణ కొరియన్లు ఆ సామెతను తు.చ. తప్పకుండా పాటించినట్టే కనిపిస్తోంది. సుమారు 5.12 కోట్ల జనాభాలో సగానికి పైగా ఇవాళ సియోల్, ఇంచియాన్ నగరాలు, వాటిని చుట్టుకుని ఉన్న గ్యోంగీ రాష్ట్రం కలిసిన రాజధాని ప్రాంతంలోనే నివసిస్తున్నారు. దేశ విస్తీర్ణంలో ఆ ప్రాంతం వాటా 12 శాతానికి మించదు. 2019 చివర్లో సగం గీత దాటిన ఈ జన సాంద్రీకరణను వెనక్కి తిప్పడానికి అక్కడి ప్రభుత్వాలు రెండు దశాబ్దాలుగా చేస్తున్న ప్రయత్నాలను కొత్త రాజధాని కట్టుకుంటున్న రాష్ట్రంగా మనం శ్రద్ధగా గమనించవలసి ఉంది.

పైపైన చూస్తే సియోల్ చిక్కిపోతున్నట్టే ఉంటుంది. 1960లో సుమారు 24 లక్షలున్న నగర జనాభా 1970 నాటికి 55 లక్షలకు చేరి, ఒలింపిక్స్ జరిగిన 1988లో కోటి దాటింది. 1992లో దాదాపు కోటీ పది లక్షల వద్ద శిఖరాన్ని తాకి, అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టి, 2016లో కోటి కిందికి, 2024 చివరికి 93 లక్షలకు వచ్చింది. ఇది వికేంద్రీకరణ ఫలితమని ఎవరైనా సంబరపడితే అది తొందరపాటే. సియోల్ విడిచిన కుటుంబాల్లో అధిక భాగం వెళ్లింది పక్కనే ఉన్న గ్యోంగీకి. ఆ రాష్ట్ర జనాభా ఇప్పుడు 1.36 కోట్లు దాటి సియోల్‌నే మించిపోయింది. వాళ్లను తరిమింది ఇంటి ఖర్చు. నెలనెలా అద్దె కట్టకుండా పెద్ద మొత్తాన్ని ఒకేసారి యజమాని దగ్గర డిపాజిట్ చేసి, ఖాళీ చేసేటప్పుడు వెనక్కి తీసుకునే జాన్సే పద్ధతి అక్కడ పాతుకుపోయింది. గడువు ముగిసి కొత్త ఒప్పందం రాసుకునే వేళ యజమాని డిపాజిట్ పెంచితే, ఆ తేడా సర్దలేని కుటుంబం నగరం పొలిమేర దాటుతుంది. చిరునామా మారుతుంది గాని ఉద్యోగం మారదు. అందుకే రోజూ తెల్లవారుజామున గ్యోంగీ పట్టణాల నుంచి ఎర్ర రంగు బస్సులు సియోల్ వైపు బారులు తీరతాయి. (మన ఎర్రబస్సు పల్లెకు గుర్తు, వాళ్ల ఎర్రబస్సు శివారు అపార్టుమెంటుకు గుర్తు!) ఇది చాలదన్నట్టు 2024 మార్చిలో అక్కడి ప్రభుత్వం శివారులోని దోంగ్‌తాన్ నుంచి సియోల్ ఆగ్నేయపు అంచుకు దాదాపు 20 నిమిషాల్లో చేర్చే వేగ రైలును ప్రారంభించింది. ఒక చేత్తో వికేంద్రీకరణ ప్రణాళికలు రాస్తూ, రెండో చేత్తో సియోల్‌ను మరింత దగ్గర చేసే పట్టాలు వేయడం మాకు వింతగా తోస్తోంది.

నగరాల హోదాలను జనాభాతో ముడిపెట్టడం వల్ల వచ్చిన చిక్కు మరొకటి. పది లక్షలు దాటిన నగరాలకు కొన్ని అదనపు అధికారాలిచ్చే ప్రత్యేక హోదా 2022 జనవరిలో అమలులోకి వచ్చింది. తొలి విడతలో దాన్ని పొందిన నాలుగింటిలో సువాన్, యోంగిన్, గోయాంగ్ రాజధాని చుట్టుపక్కలవే. సెమీకండక్టర్ కర్మాగారాలతోను, దోంగ్‌తాన్ వంటి కొత్త కాలనీలతోను ఉబ్బిన హ్వాసంగ్ 2025 జనవరిలో వాటి సరసన చేరింది. అది కూడా గ్యోంగీలోనిదే. రాజధాని ప్రాంతానికి వెలుపల ఆ హోదా ఉన్న ఏకైక నగరం దక్షిణ తీరంలోని చాంగ్వాన్. 2010లో మాసాన్, జిన్హే నగరాలను కలుపుకుని పది లక్షలు దాటిన ఆ పారిశ్రామిక నగరంలో నమోదైన స్వదేశీ పౌరుల సంఖ్య 2024 చివర్లో పది లక్షల కిందికి జారింది. విదేశీ కార్మికులను కలుపుకుంటేనే లెక్క సరిపోతోంది. సరిహద్దులు చెరిపి మూడు ఊళ్లను ఒక పేరు కింద చేర్చితే కాగితం మీద నగరం పెద్దదవుతుంది. చదువు ముగించిన యువకుడు సియోల్ రైలెక్కడం మాత్రం ఆగదు.

రెండో పెద్ద నగరమైన బుసాన్‌దీ ఇదే వ్యథ. కొరియా యుద్ధకాలంలో తాత్కాలిక రాజధానిగా లక్షల మంది శరణార్థులను కొండవాలు ఇళ్లలో దాచుకున్న ఆ ఓడరేవు 1995లో సుమారు 39 లక్షల జనాభాతో వెలిగింది. 2023 చివరికి 33 లక్షల దిగువకు వచ్చింది. మొత్తం నగరమే అంతరించే ముప్పు దశలోకి అడుగుపెట్టిందని 2024లో అక్కడి ప్రభుత్వ ఉపాధి సమాచార సంస్థ వర్గీకరించింది. వృద్ధులు, సముద్రం తప్ప ఇక్కడ ఇంకేముందని బుసాన్ వాసులే తమ మీద తాము జోకులేసుకుంటారు. అక్కడి నుంచి వెళ్లిన యువతీ యువకులు సియోల్‌లోనైనా పిల్లలను కని పెంచుకుంటున్నారా అంటే అదీ లేదు. 2023లో దేశ సగటు సంతానోత్పత్తి రేటు, అంటే ఒక మహిళకు సగటున పుట్టే పిల్లల లెక్క, 0.72 ఉంటే సియోల్‌లో 0.55 మాత్రమే. దేశం నలుమూలల నుంచి యువతను లాక్కునే నగరమే అందరికంటే తక్కువ మంది పిల్లలను కంటోంది. గుర్రాన్ని జేజుకు పంపమన్న సామెత ఈ సంగతి ఊహించి ఉండదు.

దీనికి విరుగుడుగానే సెజోంగ్ పుట్టింది. రాజధానిని దేశ మధ్యభాగానికి తరలిస్తామన్న హామీతో 2002 ఎన్నికల్లో గెలిచిన అధ్యక్షుడు రో మూ హ్యూన్ అందుకు చట్టం తెచ్చారు. సియోల్ రాజధాని కావడం శతాబ్దాల ఆచారంగా నిలిచిన అలిఖిత రాజ్యాంగ సూత్రమని, రాజ్యాంగ సవరణ లేకుండా దాన్ని మార్చరాదని 2004 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఆ తర్వాత పరిధిని కుదించి పరిపాలన నగరంగా మార్చిన ప్రణాళిక ప్రకారం 2012 జులైలో సెజోంగ్ లాంఛనంగా ఏర్పడింది. కొరియన్ భాష రాసే హంగుల్ లిపిని రూపొందించిన రాజు పేరు పెట్టినందుకు తగ్గట్టు, వార్డులకు అచ్చ కొరియన్ మాటలే పెట్టారు. అందం అనే మాటలోంచి పుట్టిన అరుమ్‌దోంగ్ వాటిలో ఒకటి. పదిహేను ప్రభుత్వ భవనాలను కలుపుతూ పై కప్పుల మీదుగా సాగే 3.6 కిలోమీటర్ల తోట ప్రపంచ రికార్డులకు ఎక్కింది.

తోట బాగుంది, అయితే తోటకింద పనిచేసేవారి కుటుంబాల్లో చాలా భాగం సియోల్‌లోనే ఉండిపోయాయి. అధ్యక్షుడు, పార్లమెంటు, విదేశాంగ, రక్షణ శాఖలు సియోల్‌లోనే ఉండటంతో అధికారులు ఫైళ్లు పట్టుకుని రెండు నగరాల మధ్య తిరగవలసి వచ్చింది. రోజులో సగం రోడ్డు మీదే గడిపే అధికారికి ‘గిల్ క్వాజాంగ్’ అనే పేరు పుట్టింది. దారి మీది సెక్షన్ అధికారి అని దాని అర్థం. రాజధాని ప్రాంతం నుంచి ఉద్యోగులను తెచ్చి, తీసుకువెళ్లే ప్రభుత్వ బస్సులు 2022 వరకు ఆగలేదు. నగరంలో వేగ రైలు స్టేషను లేదు, పొరుగూరి ఓసాంగ్‌లో దిగి రావాలి. పెద్దాసుపత్రి తెరిచేసరికి 2020 వచ్చింది. జనాభా 3.9 లక్షల ప్రాంతానికి చేరిన మాట నిజమే గాని, తరలివచ్చినవారిలో పెద్ద భాగం సియోల్ నుంచి కాదు, పక్కనున్న డేజాన్ వంటి ఊళ్ల నుంచి. సియోల్ బరువు తగ్గించడానికి కట్టిన నగరం ఇరుగుపొరుగు నగరాల బరువు తగ్గించింది.

ఇదే కొరియా ఒకప్పుడు జనాన్ని కదిలించి చూపింది కూడా. 1970లలో సియోల్‌లో హాన్ నది దక్షిణాన పొలాలూ తోటలూ ఉన్న గాంగ్నమ్‌కు ఎవరూ రాకపోతే, ప్రభుత్వం పాత నగరంలోని పేరుమోసిన ఉన్నత పాఠశాలలను నది దాటించింది. వాటిలో మేటి అయిన గ్యోంగీ హైస్కూలు 1976లో తరలింది. బడి వెంట తల్లిదండ్రులు, వారి వెంట ట్యూషన్ కేంద్రాలు, ఆ వెనుక అపార్టుమెంట్లు వచ్చాయి. సెజోంగ్ విషయంలో ముందు మంత్రిత్వ శాఖలను తరలించి, చదువులూ వైద్యమూ వాటంతట అవే వస్తాయనుకున్నారు. సియోల్‌లోని విశ్వవిద్యాలయంలో సీటును ‘ఇన్ సియోల్’ అని ఒక డిగ్రీలా చెప్పుకునే సమాజంలో ఆ అంచనా తప్పింది.

2016లో వెలగపూడి సచివాలయానికి వచ్చిన ఉద్యోగులకు వారానికి ఐదు రోజుల పని విధానం ఎందుకు పెట్టవలసి వచ్చిందో, శుక్రవారం సాయంత్రం హైదరాబాద్ రైళ్లు ఎందుకు కిటకిటలాడాయో మనకు తెలుసు. మూడు రాజధానుల వివాదం, హైకోర్టు తీర్పు, నిలిచిన పనులు దాటుకుని అమరావతి నిర్మాణం 2025లో మళ్లీ మొదలైంది. అక్కడ ఇప్పటికే నడుస్తున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఆశ కలిగిస్తున్నా, గుంటూరు, విజయవాడల జనమే అటు జరిగితే డేజాన్ కథ కృష్ణా తీరంలో పునరావృతమవుతుంది. ఏ టవరు ఎన్ని అంతస్తులు లేచిందో ప్రభుత్వం ప్రతి సమీక్షలోనూ చెబుతోంది. ఆ టవర్లలో పనిచేయబోయే ఉద్యోగుల పిల్లలు ఈ జూన్‌లో ఏ ఊరి బడిలో చేరారో కూడా అదే సమీక్షలో చెప్పాలని కోరుతున్నాం.