శోషరసోద్ధరణకు గంతుల మార్గం

గుండెకు పాటలున్నాయి. కడుపుకు సామెతలున్నాయి. కాలేయానికి కనీసం డాక్టర్ల హెచ్చరికలున్నాయి. రోజుకు రెండు మూడు లీటర్ల చొప్పున నోరెత్తకుండా ఒళ్ళంతా తిరిగి రక్తంలో కలిసే శోషరసాన్ని, అంటే రక్తనాళాల నుంచి ఊరే ‘లింఫ్’ అనే ద్రవాన్ని, మాత్రం ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు. గజ్జల్లో బిళ్ళ కట్టినప్పుడో, చంకలో గడ్డ చేతికి తగిలినప్పుడో ఓసారి తలుచుకోవడం, అది తగ్గగానే మరిచిపోవడం మానవజాతికి అలవాటైపోయింది. ఇంతటి అన్యాయాన్ని సరిదిద్దడానికి ఎట్టకేలకు ఒక వర్గం నడుం కట్టింది. వైద్యులు కారు, మినీ ట్రాంపోలిన్, అంటే గుండ్రటి చట్రానికి స్ప్రింగులతో బిగించిన గెంతుడు మ్యాట్, అమ్మేవారు. దాని మీద గెంతితే శోషరసం పరుగులు తీస్తుందని, ఒంట్లోని విషాలు పోతాయని వాళ్ళ ప్రచారం.

నిజానికి శోషరస నాళాలు 1622లోనే బయటపడ్డాయి. ఇటలీకి చెందిన గాస్పరే ఆసెల్లీ, కడుపునిండా తిన్న కుక్క పొట్ట కోసి చూస్తే పేగుల చుట్టూ తెల్లటి పోగుల్లాంటి నాళాలు కనిపించాయి. తిన్న కొవ్వు పేగుల నుంచి పాలలాంటి ద్రవంగా ఆ దారినే పోతుంది. 1651లో ఫ్రాన్సుకు చెందిన ఝాన్ పెకే ఆ ద్రవమంతా ఛాతీలోని ఒక పెద్ద నాళం గుండా పైకి ఎక్కుతుందని ప్రకటించాడు. పాపం, ఇద్దరికీ గెంతాలన్న ఆలోచనే రాలేదు. 1930లలో అమెరికాలోని అయోవాలో జార్జ్ నిసెన్, లారీ గ్రిస్‌వోల్డ్ అనే వాళ్ళు ఆధునిక ట్రాంపోలిన్ తయారుచేసే దాకా శోషరసం తన తిప్పలు తానే పడింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ట్రాంపోలిన్‌కు పతకాలు ఇచ్చినప్పుడు కూడా న్యాయనిర్ణేతలు గాల్లో వేసిన పిల్లిమొగ్గలకే మార్కులు వేశారు. ఎవరి శోషరసం ఎంత కదిలిందో కొలవనేలేదు.

ఇక గంతుల శాస్త్రంలోని మూలసూత్రానికి వద్దాం. ‘రక్తానికి గుండె ఉంది, శోషరసానికి పంపు లేదు, కాబట్టి గెంతాలి’. వినడానికి ఎంత కరుణాపూరితంగా ఉందో! చిక్కల్లా శోషరస నాళాలు ఈ సూత్రం చదవకపోవడమే. పెద్ద శోషరస నాళం కవాటానికీ కవాటానికీ మధ్య చిన్న చిన్న అరలుగా ఉంటుంది. ఒక్కో అర గోడలో కండర కణాలుంటాయి. అర నిండగానే అది తనంతట తానే ముడుచుకుని రసాన్ని పై అరలోకి నెడుతుంది, వెనక కవాటం మూసుకుంటుంది. మనిషి నిద్రపోతున్నా ఈ పని సాగుతూనే ఉంటుంది. దానికి తోడు పక్కనున్న ధమని కొట్టుకోవడం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గడం, నడిచినప్పుడు పిక్క కండరం బిగుసుకుని వదలడం, ఇవన్నీ తలో చెయ్యీ వేస్తాయి. పంపు లేదన్న చోట ఇన్ని పంపులున్నాయని తెలిస్తే కొనేవాడి ఉత్సాహం చల్లారుతుంది కాబట్టి, ఆ సంగతి కరపత్రంలో కనపడదు.

రెండో సూత్రం ఇంకా ఘనమైనది. పైకి లేచినప్పుడు ఒంట్లోని కవాటాలన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయట, కిందికి దిగినప్పుడు ఒక్కసారిగా మూసుకుంటాయట. కవాయతు చేసే సైన్యానికి కూడా ఇంత క్రమశిక్షణ ఉండదు. కవాటం తెరుచుకోవాలంటే దానికి అటూ ఇటూ ఒత్తిడిలో తేడా ఉండాలి. గెంతుతున్నప్పుడు నాళంలోని రసం ఒక్కటే పైకి పోదు. రసం, నాళం, దాని చుట్టూ ఉన్న కండ, ఆ కండ తాలూకు మనిషి, అందరూ కలిసే పైకి పోతారు, కలిసే కిందికి వస్తారు. తేడా తెచ్చేది ప్రధానంగా పిక్కలు, తొడలు బిగుసుకోవడం. అంటే పని జరుగుతున్నది మ్యాట్‌లో కాదు, కాలిలో.

మూడో సూత్రం వినగానే లేచి నిలబడాలి, ఎందుకంటే అందులో నాసా పేరుంది. 1980లో ఒక శరీరధర్మశాస్త్ర పత్రికలో నాసా ప్రమేయంతో ఒక అధ్యయనం వచ్చిన మాట నిజమే. 8 మంది యువకులను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించారు, ట్రాంపోలిన్ మీద గెంతించారు, చీలమండ, వెన్ను, నుదురు ఎంత కుదుపుకు లోనవుతున్నాయో కొలిచారు. పరుగులో చీలమండకు తగిలే కుదుపు వెన్నుకూ నుదుటికీ తగిలేదానికి రెట్టింపును మించింది. ట్రాంపోలిన్ మీద మూడు చోట్లా దాదాపు సమానంగా పడింది. ఒకే స్థాయి ఆక్సిజన్ ఖర్చుకు గెంతడంలో శరీరానికి అందే కుదుపు ఎక్కువని కూడా తేలింది. భారరహిత స్థితిలో ఉండి వచ్చిన వ్యోమగాములకు పనికొస్తుందేమో చూద్దామన్నది వాళ్ళ ఆలోచన. అందులో శోషరసాన్ని కొలవలేదు. ఆ ఒక్క లోటును ప్రకటనకర్తలు తమ సొంత ఖర్చుతో పూరించారు.

ఆ తరవాత రెట్ల లెక్క. ‘శోషరస ప్రవాహం 15 నుంచి 30 రెట్లు’ అని ఘంటాపథంగా చెబుతారు. శరీరధర్మశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఇలాంటి మాటే ఉంది. వ్యాయామ సమయంలో 10 నుంచి 30 రెట్లు పెరగవచ్చని. అక్కడ రాసింది వ్యాయామమని, ట్రాంపోలిన్ అని కాదు. పైగా కదలకుండా కూర్చున్నవాడి కాలిలో ప్రవాహం ఎంతో స్వల్పంగా ఉంటుంది. అంత చిన్న అంకెకు ఎన్ని రెట్లు చెప్పినా తప్పు పట్టేవాడు ఉండడు.

విషాల సంగతి అన్నిటికన్నా సున్నితమైనది. గెంతితే ఒంట్లోని విషాలు శోషరసం ద్వారా బయటికి పోతాయంటారు. ఏ విషమో పేరు చెప్పరు, బహుశా పరువు తీయడం ఇష్టంలేక. శోషరసం మోసేది రక్తనాళాల నుంచి ఊరిన ద్రవం, ప్రోటీన్లు, పేగుల నుంచి కొవ్వు, తెల్ల రక్తకణాలు. దారిలో గ్రంథులు క్రిములను పట్టుకుంటాయి. చివరికి అది ఎక్కడికి చేరుతుందో తెలుసా? ఎడమ కాలర్ ఎముక వెనకాల సిరలు కలిసే చోట, నేరుగా రక్తంలోకి. కొంత భాగం కుడి పక్క. అంటే పేరులేని ఆ విషాలను అరగంట గెంతి తరిమితే అవి బయటికి కాదు, నడి ఇంట్లోకి వస్తాయి. ఆ తరవాతి చాకిరీ ఎప్పటిలాగే కాలేయానిది, మూత్రపిండాలది. వాటి కోసం ఇంకా ఎవరూ గెంతుడు పరికరం కనిపెట్టలేదు, అందుకే అవి నిశ్శబ్దంగా పనిచేసుకుంటున్నాయి.

ఇంత చెప్పాక మినీ ట్రాంపోలిన్ పనికిరానిదనుకుంటే అది మరో అన్యాయం. మోకాళ్ళ మీద దెబ్బ తక్కువ, పిక్కలకు పని ఉంది, ఊపిరి వేగం పెరుగుతుంది, వాన పడుతున్నా మానక్కర్లేదు. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో 14 వారాల పాటు దీని మీద సాధన చేసిన వృద్ధులు ముందుకు తూలినప్పుడు నిలదొక్కుకోవడంలో మెరుగుపడ్డారు. తూలి పడి తుంటి విరగకుండా ఉండటం చిన్న లాభం కాదు, కానీ అట్ట మీద ‘తుంటి’ అని వేస్తే అందంగా ఉండదు కాబట్టి ‘లింఫ్’ అని వేస్తున్నారు. కనక శోషరస భక్తులు తమ ఆరాధన యథావిధిగా సాగించవచ్చు. విధి మాత్రం సరిగ్గా తెలిసి ఉండాలి.

ముందు పీఠం. చట్రం వ్యాసం 36 నుంచి 44 అంగుళాలు ఉంటుంది. 40 అంగుళాలదని మురిసిపోవద్దు, స్ప్రింగులూ వాటి మీది తొడుగూ పోను పాదాలు పెట్టగలిగే మ్యాట్ 28 అంగుళాల చుట్టుపక్కలే. పైకప్పు లెక్క చాలామంది మరిచిపోతారు. మనిషి ఎత్తు 170 సెంటీమీటర్లు, చట్రం ఎత్తు 30, లేచేది 15, తలకూ కప్పుకూ మధ్య మరో 30, మొత్తం 245. చేతులెత్తి గెంతాలన్న కోరిక ఉంటే ఇంకో అర మీటరు కలపాలి. తల మీద ఫ్యాన్ ఉంటే ఆ కోరికను చంపుకోవాలి. మనిషి మ్యాట్ మధ్యలో నిలబడి కాస్త గట్టిగా నొక్కినప్పుడు మ్యాట్ నేలకు తగిలేంత కుంగితే ఆ బరువుకు ఆ పరికరం చాలదు. రబ్బరు తాళ్ళవైతే తాళ్ళు మార్చి బిగువు పెంచుకోవచ్చు. స్ప్రింగులవైతే పెట్టె మీద రాసిన గరిష్ఠ బరువు చూసే కొనాలి.

బిగించేటప్పుడు జరిగే ఘోరం ఒకటుంది. 32 స్ప్రింగులుంటే ఒక మూల మొదలుపెట్టి వరసగా తగిలించుకుంటూ పోతారు. సగం దాటేసరికి మ్యాట్ అంతా ఆ పక్కకు లాగేసుకుంటుంది, చివరి 8 స్ప్రింగులు చచ్చినా అందవు. అప్పుడు కంపెనీని తిడతారు. గడియారం ముఖాన్ని తలుచుకుని 12, 6, 3, 9 దగ్గర ఒక్కొక్కటి తగిలించి, తరవాత ప్రతి ఖాళీకీ సరిగ్గా మధ్యలో ఒకటి చొప్పున ఎదురెదురుగా నింపుకుంటూ రావాలి. కొక్కెం మొన కిందికి ఉండాలి, చేతులకు తొడుగులుండాలి. ఉత్త చేత్తో లాగితే జారిన స్ప్రింగు వేళ్ళను క్షమించదు. కాళ్ళ మరలు వాడకంలో వదులవుతాయి, వారానికోసారి బిగించాలి. స్ప్రింగు కిర్రుమంటే కొక్కెం దగ్గర కొంచెం మైనం రుద్దితే చాలు. నూనె పోస్తే అది మ్యాట్ మీదికి పాకి, భక్తుడు ముందు గోడకూ పిమ్మట నేలకూ నమస్కరిస్తాడు. మామూలు మేజోళ్ళతో ఎక్కినా అదే నమస్కారం. ఉత్త పాదాలు, లేదా అడుగున పట్టు ఉన్న మేజోళ్ళు.

ఇక గంతు. విచిత్రమేమిటంటే శోషరసం పేరు చెప్పి గెంతేవాళ్ళకు అసలు గెంతాల్సిన అవసరమే లేదు. పాదాలు నడుం వెడల్పున పెట్టి, మోకాళ్ళు కొద్దిగా వంచి, మ్యాట్‌ను కిందికి నొక్కాలి. పైకి ఎగరాలని చూడకూడదు. పాదాలు మ్యాట్‌ను వదలక్కర్లేదు. కానీ మడమలు అతుక్కుపోయి ఒళ్ళు మాత్రం ఊగుతుంటే పిక్కలకు పెద్దగా పని పడదు. అందుకని మునివేళ్ళు మ్యాట్ మీదే ఉంచి కుడి మడమ, ఎడమ మడమ మార్చి మార్చి ఎత్తుతూ, ఉన్నచోటే నడిచినట్టు చేయాలి. మడమ పూర్తిగా లేచినప్పుడు పిక్క గట్టిగా బిగుస్తోందో లేదో చేత్తో తడిమి చూసుకోవచ్చు. ఆ బిగువే అసలు పంపు. ఊపిరి బిగపట్టొద్దు. నాలుగు ఊపులకు ముక్కుతో పీల్చి, మరో నాలుగింటికి వదలాలి, పొట్ట కదలాలి. చూపు ఎదురుగా ఒకే చోట నిలపాలి. పాదాలు చూసుకుంటూ ఊగితే తల తిరుగుతుంది.

మొదటి వారం రెండు మూడు నిమిషాలు, పూటకోసారి. వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ 10, 15 దాకా పోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెబుతుంది, ఊపిరి వేగం పెరిగేలా ఊగితే ఇదీ ఆ లెక్కలోకే వస్తుంది. తిన్న వెంటనే ఎక్కొద్దు, గంటన్నరైనా ఆగాలి. దిగేటప్పుడు దూకొద్దు, ఒక కాలు తరవాత ఒకటి దింపి కాసేపు నిలబడాలి. కాళ్ళు సీసంలా బరువెక్కి, నేల ఉన్నట్టుండి గట్టిపడ్డట్టు అనిపిస్తుంది. మెత్తటి మ్యాట్‌కు అలవాటైన కండరాలు మళ్ళీ నేలను గుర్తుపట్టేలోపు కలిగే భ్రమ అది. విషాలు పోతున్న సూచన అని కొందరు గురువులు సెలవిస్తారు. నవ్వకుండా వినగలిగితే వినండి.

గెంతుతుంటే కొద్దిగా మూత్రం జారడం, ముఖ్యంగా కాన్పులయిన ఆడవాళ్ళలో, చాలా మామూలు. ఎవరూ పైకి చెప్పరు. కటి కండరాలు బలపడేదాకా ఊపు తగ్గించి, ఫిజియోథెరపిస్టును అడగడం మేలు.

ఇక్కడ కాసేపు వెక్కిరింత పక్కన పెట్టాలి. ఒక్క కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి, నొప్పి, వేడి ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ట్రాంపోలిన్ కాదు, ఆసుపత్రి చూసుకోవాలి. కాలు ఎర్రబడి జ్వరం వస్తే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. రెండు కాళ్ళకూ నీరు పట్టి ఆయాసం ఉంటే గుండెనో మూత్రపిండాలనో చూపించుకోవాలి. రెటీనా ఊడిన చరిత్ర, ఎముకలు గుల్లబారి వెన్నుపూస నలగడం, కళ్ళు తిరిగే జబ్బు, పాదాల్లో స్పర్శ తగ్గిన మధుమేహం ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఎక్కొద్దు. క్యాన్సర్ ఆపరేషన్ తరవాత చేయి వాచినవాళ్ళకు, బోదకాలు ఉన్నవాళ్ళకు వ్యాయామం మంచిదే. వాళ్ళ చికిత్సలో బిగుతు తొడుగు లేదా కట్టు, చర్మ శుభ్రత ప్రధానం. వ్యాయామం ఆ తొడుగు వేసుకునే, చికిత్సకుడు చెప్పిన మోతాదులోనే చేయాలి.

శోషరసం నిజంగా కదిలిందో లేదో తెలుసుకోవాలన్న జిజ్ఞాసువులకు ఒక టేపు చాలు. నేల నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తున చీలమండ పైన పెన్నుతో గుర్తు పెట్టి, రోజూ ఒకే వేళకు చుట్టుకొలత రాసుకోవాలి. పొద్దున్న కొలత పొద్దున్నతోనే, సాయంత్రం కొలత సాయంత్రంతోనే పోల్చాలి, ఎందుకంటే రోజంతా నిలబడ్డ కాలు ఎవరిదైనా కాస్త ఉబ్బుతుంది. వాపు ఉన్నవాళ్ళకు కొలత తగ్గుతూ రావచ్చు, ఓ అరగంట నడకతో కూడా అలాగే తగ్గొచ్చు. పిక్కకు కింద ఉన్నది నేలా మ్యాటా అన్న పట్టింపు లేదు. వాపు లేనివాళ్ళకు ఎన్నాళ్ళు గెంతినా అదే అంకె వస్తుంది. రసం మొదటి నుంచీ సవ్యంగానే పోతోంది మరి. అంకె మారలేదని దిగులుపడి స్ప్రింగులు మార్చేవాళ్ళున్నారు. మారిస్తే అన్నీ ఒకేసారి మార్చాలి. పాతవీ కొత్తవీ కలిపితే మ్యాట్ ఒక పక్కకు ఒరుగుతుంది.