నడకకు ముందు థయమిన్
మద్యం మానేశాక నడక, నిద్ర, మంచి తిండి ఉంటే మెదడు కోలుకుంటుందని ఒక వ్యాసంలో రాశారు. నెలల లెక్కన చూస్తే నిజమే. కానీ మొదటి వారం సంగతి వదిలేశారు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి రోగుల తాకిడి పెరిగింది ఇందుకే. అప్పుడు కావలసింది వైద్యుడి పర్యవేక్షణ, థయమిన్ ఇంజెక్షన్లు. ఈ బి1 విటమిన్ బాగా లోపిస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఇక నిద్ర అంటారా, మా చిన్నాన్నకు మానేసిన తర్వాత కూడా నెలల పాటు సరిగ్గా పట్టలేదు. ‘హాయిగా పడుకో’ అని సలహా ఇచ్చినవాళ్ల మీద విసుక్కునేవారు. పొద్దున్నే పొలందాకా నడవడం మాత్రం ఆయనకు బాగా పనికొచ్చింది, అదీ మందులు కుదిరాకే.